చీముందని వెనక్కి పంపిన కంటికి తేదీ రాసివ్వండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్యశాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి మడకశిర నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,



మీరు ధర్మవరం ఎమ్మెల్యే. మా మడకశిర మీ నియోజకవర్గం కాకపోయినా మీ జిల్లానే. శ్రీ సత్యసాయి జిల్లాకు పడమటి కొసన, కర్ణాటకలోకి చొచ్చుకుపోయిన అయిదు మండలాలు మావి: మడకశిర, గుడిబండ, రొళ్ల, అగళి, అమరాపురం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే ఊళ్ళు. వేరుశనగ చేలు, వక్క తోటలు, చింత చెట్లు. జబ్బు చేస్తే ముందు మడకశిర, అక్కడ కాకపోతే హిందూపురం, అక్కడా కాకపోతే బెంగుళూరు. ఇదీ మా దారి.

ఈ లేఖలో కొత్త ఆసుపత్రి అడగడం లేదు. పెనుకొండలో తలపెట్టిన వైద్య కళాశాల చర్చలోకీ వెళ్ళను. నేను అడిగేది ఒక్కటే. శుక్లాల ఆపరేషన్ కోసం వచ్చినవాళ్ళలో కొందరిని "కన్నీటి సంచిలో చీముంది, ఇప్పుడు కుదరదు" అని మీ సిబ్బంది వెనక్కి పంపుతుంటారు. అలా పంపేటప్పుడు వాళ్ళ చేతిలో పెట్టే చీటీ మీద, ఆ చీము పోవడానికి ఏ ఆసుపత్రిలో ఏ తేదీన ఆపరేషన్ చేస్తారో కూడా రాసి పంపించండి.

ఇంత చిన్న కోరికకు బహిరంగ లేఖ ఎందుకంటారేమో. ఆ చీటీ మీద తేదీ లేకపోవడం వల్ల కన్ను పోవచ్చు. ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. అదెలాగో వివరంగా రాస్తాను.

ఊళ్ళో కంటి శిబిరం అంటే బడి వరండాలోనో గుడి మంటపంలోనో నాలుగు బెంచీలు. ముసలీ ముతకా పొద్దున్నే వచ్చి కూచుంటారు. చూపు చూస్తారు, బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. తర్వాత ఆప్తాల్మిక్ ఆఫీసర్ ఒక పరీక్ష చేస్తారు. అది పరీక్ష అని కూడా చాలామందికి తెలియదు. కంటి లోపలి మూల, ముక్కు పక్క ఎముక మీద వేలు ఆనించి లోపలికి నొక్కుతారు. మామూలు కంటికి ఏమీ కాదు. కొందరికి మాత్రం కింది రెప్ప అంచున, మూలకు దగ్గరగా ఉండే సన్నటి రంధ్రంలోంచి తెల్లగానో పసుపుగానో ఒక బొట్టు ఉబికి పైకి వస్తుంది. దాన్ని దూదితో తుడిచి, కాగితం మీద రెండు మాటలు గీకి, "అవ్వా, నీకిప్పుడు ఆపరేషన్ లేదు" అంటారు.

అలా అనడంలో తప్పు లేదు. అలా అనకపోతేనే తప్పు. సంచిలో చీము పెట్టుకుని కంటికి కోత పెడితే ఆ క్రిములు కనుగుడ్డు లోపలికే దిగవచ్చు. శుక్లం తీసిన కొద్ది రోజుల్లోనే కన్నంతా చీము పట్టి చూపు పూర్తిగా పోవచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష తప్పనిసరి. ఆ వేలి నొక్కుడు ఎన్నో కళ్ళను కాపాడింది. లోపమంతా ఆ తర్వాతే ఉంది.

అలా వెనక్కి వచ్చినావిడ ఒకామె గుడిబండ వైపు నుంచి. అరవై దాటి ఉంటాయి. శిబిరాల్లో కాగితాలు రాసిపెట్టే పని నాది కాబట్టి పక్కన కూచోబెట్టుకుని అడిగాను.

"ఎన్నాళ్ళుగా కారుతోందవ్వా కన్ను?"

"లెక్క ఎవురు పెట్టినారు నాయనా! పొయ్యి పొగకని అనుకుంటిమి. ఇంట్లోకి గ్యాసు వచ్చినాక కూడా కారతానే ఉండాది."

"మరి ఎవరికీ చూపించలేదా?"

"పోయినసారి క్యాంపులోనూ ఇదే మాట చెప్పిరి. సీముండాది, తగ్గినాక రామ్మనిరి. అది తగ్గితే గదా నేను వచ్చేది."

మంత్రిగారూ, ఆ చివరి మాటలోనే మొత్తం విషయం ఉంది. ఆ చీము తనంతట తాను తగ్గేది కాదు. చుక్కల మందుతో నాలుగు రోజులు అణగుతుంది, మళ్ళీ వస్తుంది. ఎందుకంటే అసలు రోగం చీము కాదు, దారి మూసుకుపోవడం.

కన్నీరు పుట్టేది కంటికి పైన, బయటి మూలనున్న గ్రంథిలో. రెప్ప వేసినప్పుడల్లా కన్నంతా తడిపి, లోపలి మూలకు చేరి, పై రెప్పకు ఒకటి కింది రెప్పకు ఒకటిగా ఉన్న రెండు రంధ్రాల గుండా కన్నీటి సంచిలోకి పోతుంది. ఆ సంచి ముక్కు పక్క ఎముక గుంటలో ఒదిగి ఉంటుంది, పొడవు సెంటీమీటరు పైచిలుకు. అక్కణ్ణుంచి ఒక సన్నటి నాళం ముక్కులోకి దిగుతుంది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. కంట్లో వేసిన మందు కాసేపటికి గొంతులో చేదుగా తగిలేదీ అందుకే. వయసు మీదపడే కొద్దీ, ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్ళలో, ఈ నాళం మూసుకుపోతుంటుంది. వాళ్ళకు ఆ నాళం దిగే ఎముక దారి మగవాళ్ళకన్నా ఇరుకు.

మా సీమలో చెరువు తూము సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. తూము పూడితే నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన నీళ్ళు కుళ్ళుతాయి, పెద్ద వానొచ్చిన రోజు కట్టకు గండి పడుతుంది. కన్నీటి సంచిలో జరిగేదీ ఇంతే. ఏళ్ళ తరబడి నీరు కారడం మొదటి దశ. పుసులు కట్టడం, నొక్కితే చీము రావడం రెండో దశ. శిబిరంలో మనకు దొరికేది ఈ రెండో దశ మనుషులే. మూడో దశ ఒక్క రాత్రిలో రావచ్చు. ముక్కు పక్కన ఎర్రగా ఉబ్బి, తాకనివ్వకుండా సలుపుతూ, జ్వరం వచ్చి, రెప్పలు రెండూ వాచి కన్ను మూసుకుపోతుంది.

ఇక్కడిదాకా కూడా దేహం మనవైపే ఉంటుంది. రెప్పల లోపల ఎముక అంచు నుంచి పల్చగా, గట్టిగా ఒక పొర ఉంటుంది. దానికి ముందున్నవి రెప్పలు, వెనకున్నది కంటిగుంట. కన్నీటి సంచి ఈ పొరకు ముందు వైపున ఉంటుంది. దాని వెనక కండరం, స్నాయువు కూడా అడ్డుగా ఉంటాయి. అందుకే గడ్డ చాలాసార్లు ముందుకే పగిలి, చెంప మీదికి కారుతుంది. పగిలాక ఆ పుండు మానక, అక్కడే చిన్న రంధ్రం నిలిచిపోయి ఏళ్ళ తరబడి కారేవాళ్ళు కూడా ఉన్నారు.

అన్నిసార్లూ ముందుకే పగలదు. చీము వెనక్కి తిరిగి ఆ పొరను దాటిందంటే చేరేది కంటిగుంటలోకి. ఆ గుంటకు నాలుగు వైపులా ఎముకే. లోపల కొవ్వు, కనుగుడ్డును తిప్పే కండరాలు, మెదడుకు చూపును మోసే నరం ఉంటాయి. అక్కడ వాపు వస్తే పక్కలకు జరగడానికి చోటు లేదు. కనుగుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది, నరం నలిగిపోతుంది. నరం నలిగిన కాసిని గంటల్లో ఒత్తిడి తీయకపోతే పోయిన చూపు మళ్ళీ రాకపోవచ్చు. కంటిగుంటలోని సిరలు నేరుగా మెదడు అడుగునున్న రక్తపు కాలువలోకి పోతాయి. చీము ఆ దారి పట్టి అక్కడ రక్తం గడ్డకట్టిందా, అప్పుడిక పోరాటం కంటి కోసం కాదు, ప్రాణం కోసం. మెదడు పొరల వాపు, మెదడులో చీము గడ్డ కూడా ఈ దారినే వస్తాయి. రెప్పల వాపు దగ్గర మొదలై ఈ గడ్డకట్టడం దాకా పోయే అయిదు మెట్లను చాండ్లర్ అనే వైద్యుడు, తన తోటివారితో కలిసి 1970లోనే క్రమం పెట్టి రాశాడు. చెవి ముక్కు గొంతు డాక్టర్లూ కంటి డాక్టర్లూ ఇప్పటికీ ఆ మెట్ల లెక్కతోనే మాట్లాడుకుంటారు.

కంటిగుంట ఎంత ప్రమాదకరమైన చోటో ఈ రాష్ట్రానికి 2021లో తెలిసొచ్చింది. కోవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్ వచ్చి ఎంతమంది కళ్ళు తీసేయాల్సి వచ్చిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అది ఫంగస్, ఇది బాక్టీరియా. అది ముక్కు సైనస్‌ల నుంచి వచ్చింది, ఇది కన్నీటి సంచి నుంచి వస్తుంది. షుగర్ అదుపులో లేనివాళ్ళకు రెండూ శత్రువులే. ఆ ఏడాది మే నెలలో బ్లాక్ ఫంగస్ చికిత్సను అప్పటి ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో చేర్చింది. అవసరమనుకుంటే ప్రభుత్వం ఎంత త్వరగా కదలగలదో అప్పుడు చూశాం.

"ఇది అరుదైన జబ్బు కదా" అని మీ అధికారులు అనవచ్చు. నిజమే. కంటిగుంట ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం సైనస్‌ల నుంచి వచ్చేవే, కన్నీటి సంచి నుంచి వచ్చేవి తక్కువే. కానీ మిగతా అరుదైన జబ్బులకూ దీనికీ ఒక తేడా ఉంది. ఇది ఎవరికి రావచ్చో మనకు ముందే తెలుసు. వేలితో నొక్కి, చీము చూసి, పేరు రాసుకుని మరీ ఇంటికి పంపిస్తున్నాం. ఎవరి సంచి ఎప్పుడు వాస్తుందో చెప్పలేం, నిజమే. వాచే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఆ రాసుకున్న పేర్లకేనని మాత్రం చెప్పగలం. ఆ కాగితాన్ని "అనర్హుల జాబితా" అని పక్కన పడేస్తున్నాం. అసలు అదే మనం ముందు పిలవాల్సినవాళ్ళ జాబితా.

కంటిగుంట దాకా పోకపోయినా ఈ చీము ఊరికే ఉండదు. మా ఊళ్ళలో వేరుశనగ పీకేటప్పుడు, కట్టె కొట్టేటప్పుడు, పశువుకు గడ్డి వేసేటప్పుడు కంట్లో ఏ పుల్లో ఆకో గీసుకుపోవడం మామూలు. ఆరోగ్యంగా ఉన్న కన్నయితే ఆ గీత రెండు రోజుల్లో మానుతుంది. పక్కనే చీము ఊరుతున్న సంచి ఉంటే ఆ గీతలోకి క్రిములు దిగి నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. పుండు మానినా తెల్లమచ్చ మిగులుతుంది. ఆ మచ్చ ఉన్న కంటికి శుక్లం తీసినా చూపు సరిగ్గా రాదు. అంటే అలాంటి అవ్వ వచ్చింది శుక్లం కోసం, మనం వెనక్కి పంపింది చీము వల్ల, చివరికి చూపు పోయింది పుండు వల్ల. మూడు కాగితాల్లో మూడు వేర్వేరు జబ్బులు. కారణం ఒక్కటే.

తేదీ లేని చీటీతో ఇంటికెళ్ళిన మనిషి ఏం చేస్తుందో కూడా చెప్పాలి. కొన్నాళ్ళు చీరచెంగుతో తుడుచుకుంటుంది. వాపు వస్తే కురుపనుకుని సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తారు. సున్నం కంట్లోకి జారితే అదొక కొత్త ప్రమాదం. గడ్డ పక్వానికి వచ్చిందని ఇంట్లోనే పిండుతారు. పిండితే చీము బయటికే వస్తుందన్న హామీ లేదు, లోపలికీ పోవచ్చు. మందుల షాపులో "కంటికి చుక్కల మందియ్యి సామీ" అంటే చేతికందిన సీసా ఇస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గి, బాగైందనిపిస్తుంది. లోపల క్రిమి మాత్రం పెరుగుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు పడతాయి. ఇన్నీ అయ్యాక, కన్ను బయటికి పొడుచుకొచ్చిన రాత్రి, బండి మాట్లాడుకుని హిందూపురం దారి పడతారు. వీళ్ళను తెలివితక్కువవాళ్ళని అనే హక్కు మనకు లేదు. వాళ్ళు ముందుగా వచ్చింది మన దగ్గరికే.

ఇంతకీ ఈ జబ్బుకు మందు లేదా అంటే, నూట ఇరవై ఏళ్ళుగా ఉంది. సంచికీ ముక్కుకూ మధ్యనున్న ఎముకలో చిన్న కిటికీ తెరిచి, మూసుకుపోయిన నాళంతో పని లేకుండా కన్నీటిని నేరుగా ముక్కులోకి దింపే ఆపరేషన్‌ను 1904లో ఇటలీలో అద్దెయో తోతి అనే వైద్యుడు వివరించాడు. డాక్టర్లు దాన్ని డీసీఆర్ అంటారు. తర్వాత దానికి మెరుగులు దిద్దారు. ఇప్పుడు చర్మం మీద కోత లేకుండా ముక్కులోంచి ఎండోస్కోపుతో కూడా చేస్తున్నారు. చేయి తిరిగిన డాక్టర్ల దగ్గర పదిమందిలో తొమ్మిది మందికి పైగా బాగవుతారు. చీము ఆగుతుంది, నీరు కారడం ఆగుతుంది, తర్వాత శుక్లానికి కూడా దారి తెరుచుకుంటుంది. వయసు బాగా మీరి, డీసీఆర్ తట్టుకోలేనివాళ్ళకు సంచినే తీసేసే పద్ధతి కూడా ఉంది. నీరు కారుతూనే ఉంటుంది గానీ చీము పోతుంది.

ఈ జబ్బు మన దేశానికి కొత్తేమీ కాదు. సుశ్రుతుడు కంటి సంధుల్లో వచ్చే తొమ్మిది రోగాలను చెబుతూ పూయాలసమని ఒకదాన్ని పేర్కొన్నాడు. సంధిలో వాపు, నొప్పి, చీము దాని లక్షణాలు. అది కన్నీటి సంచి చీమేనని ఆయుర్వేద పండితులు పోల్చి చెబుతారు. ఆధునిక విద్య కూడా మనకు దూరంగా లేదు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కన్నీటి మార్గాల జబ్బులకే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. కన్నీటి సంచి చీము గడ్డల్లో ఏయే క్రిములుంటాయో అక్కడి వైద్యులు రెండు దశాబ్దాల నమూనాలు చూసి 2013లో ప్రచురించారు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అందులో ముందుంది. ఏ యాంటీబయాటిక్‌తో మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ఇలాంటి లెక్కే ఆధారం. ఆ విభాగాన్ని నడిపే డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి 2019లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది. ప్రపంచానికి ఈ జబ్బు గురించి పాఠం చెప్పేవాళ్ళు తెలుగునేల మీదే ఉన్నారు. గుడిబండ వైపు అవ్వకు మాత్రం "తగ్గినాక రా" అన్న మాటే దక్కుతోంది.

పథకాల విషయంలో మా పాత అనంతపురం జిల్లాకు లోటు లేదు. అంధత్వ నివారణకు దేశవ్యాప్త కార్యక్రమం 1976 నుంచే ఉంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. కంటి వెలుగుకు 2019 అక్టోబరు 10న కొబ్బరికాయ కొట్టిందీ అనంతపురంలోనే. వీటివల్ల లక్షలమందికి మేలు జరిగింది, కాదనను. కానీ కంటి కార్యక్రమాల లెక్కలన్నీ ప్రధానంగా రెండు అంకెల చుట్టూ తిరుగుతాయి: శుక్లాల ఆపరేషన్లు ఎన్ని, పంచిన కళ్ళజోళ్ళు ఎన్ని. చీముందని వెనక్కి పంపినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళు ఎంతమంది అన్న అంకె ఏ సమీక్షలోనూ అడగరు. పైన అడగని అంకెను కింద ఎవరూ రాయరు.

ఆసుపత్రులు లేవా అంటే ఉన్నాయి. హిందూపురంలో జిల్లా ఆసుపత్రి ఉంది. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరు 22న మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, అక్కడ బిల్లన్న మాటే లేదు. అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రి, బెంగుళూరులో మింటో కంటి ఆసుపత్రి ఉన్నాయి. అగళి మండలంలో ఒంటరిగా ఉండే ముసలామెకు ఈ పేర్లలో ఏది తన ఆసుపత్రో, ఏ రోజు పోతే డాక్టరుంటారో, ఏ కాగితం పట్టుకుపోవాలో చెప్పే మనిషి కావాలి. రెండు బస్సులు మారి, తోడొచ్చిన కొడుకు ఒక రోజు కూలి పోగొట్టుకుని పోతే, "ఈరోజు ఆ డాక్టరు రారు" అన్న జవాబొస్తే ఆమె రెండోసారి కదలదు.

అందుకే మంత్రిగారూ, నా మనవి ఇది.

మొదటిది, తేదీ. ప్రతి శిబిరంలోనూ, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ సంచిలో చీమున్నవాళ్ళ పేర్లకు, వాళ్ళ ఆపరేషన్ తేదీలకు ప్రత్యేక రిజిస్టర్ పెట్టించండి. ఆ పేరు, తేదీ ఊరి ఏఎన్ఎంకూ ఆశా కార్యకర్తకూ చేరాలి. గర్భిణి కాన్పు తేదీని ఆశా ఎలా గుర్తుపెట్టుకుంటుందో ఈ తేదీని కూడా అలాగే గుర్తుపెట్టుకుని, ముందు రోజు ఇంటికెళ్ళి చెప్పి పంపాలి.

రెండోది, రోజు. హిందూపురం జిల్లా ఆసుపత్రిలో నెలకు కనీసం రెండు రోజులు డీసీఆర్ ఆపరేషన్లకని ముందే ప్రకటించండి. కంటి డాక్టరు, చెవి ముక్కు గొంతు డాక్టరు కలిసి చేయగలిగిన ఆపరేషన్ ఇది. అక్కడ చేయలేని కేసులను పుట్టపర్తికో కర్నూలుకో ముందుగా మాట్లాడి పంపే ఏర్పాటు ఉండాలి. శుక్లాల శిబిరాలకు బస్సు పెడుతున్న స్వచ్ఛంద సంస్థలు ఈ రోజులకూ బస్సు పెడతాయి, అడిగితే చాలు.

మూడోది, బోర్డు. ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరైన ఎన్టీఆర్ వైద్యసేవలో ఈ ఆపరేషన్‌కు ఏ ఆసుపత్రికి పోవాలో, ఏమేం తీసుకెళ్ళాలో ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద రాయించండి. 2019 నుంచి బెంగుళూరు ఆసుపత్రుల్లో కూడా కొన్ని చికిత్సలకు ఈ పథకం వర్తించేలా చేశారు. సరిహద్దు మండలాల వాళ్ళకు అన్నింటికన్నా దగ్గరి మహానగరం అదే కాబట్టి, కంటిగుంటలో చీము చేరిన అత్యవసర కేసులకు అక్కడ అడ్డు లేకుండా చూడండి. మా మండలాల్లో బోర్డు తెలుగులోనూ కన్నడంలోనూ ఉండాలి.

నాలుగోది, అత్యవసరం. పాము కాటుకు, గుండెపోటుకు ఏం చేయాలో మా పీహెచ్‌సీ నర్సులకు కంఠతా వచ్చు. కన్ను ముందుకు పొడుచుకొస్తే ఏం చేయాలో కూడా అలాగే నేర్పించండి. చూపు ఎంతుందో చూడాలి, కనుగుడ్డు తిరుగుతోందో లేదో చూడాలి, జ్వరం చూడాలి, షుగర్ చూడాలి. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన యాంటీబయాటిక్ మొదటి డోసు నరానికి ఎక్కించి, 108లో సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా పంపాలి. ఊరూరా ఆగుతూ పోవడానికి ఆ కంటికి వ్యవధి ఉండదు. వాపు, నొప్పి ఉధృతంగా ఉన్న ఆ దశలో నాళంలోకి పుల్ల దూర్చడం, సిరంజితో నీళ్ళు కొట్టడం చేయకూడదని కూడా అందరికీ తెలియాలి.

అయిదోది, లెక్క. జిల్లా సమీక్ష జరిగినప్పుడు శుక్లాల ఆపరేషన్ల అంకె పక్కన ఇంకో గడి గీయించి, వెనక్కి పంపినవాళ్ళలో ఎంతమందికి ఆపరేషన్ అయిందో చెప్పమని అడగండి. మంత్రి అడిగే అంకెను ఏ ఆఫీసూ మరచిపోదు. ముందుగా మన జిల్లాలోనే ఒక్క ఏడాది ఇది చేసి చూడండి. ధర్మవరం మగ్గాల దగ్గరి నుంచి అమరాపురం వక్క తోటల దాకా ఎన్ని సంచులు చీముతో ఉన్నాయో ఆ ఏడాదిలో తేలిపోతుంది.

వీటిలో ఒక్కదానికీ పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. డాక్టర్లు ఉన్నారు, ఆశాలు ఉన్నారు, 108 ఉంది, పథకం ఉంది. వీటన్నిటినీ కలిపే కాగితమే లేదు.

ఈ లేఖ చదువుతున్న మా ప్రాంతం వాళ్ళకూ నాలుగు మాటలు.

ఒక కంటి నుంచే నెలల తరబడి నీరు కారుతుంటే అది వయసు వల్లనో పొగ వల్లనో అనుకుని వదిలేయకండి. మూలన మెల్లగా నొక్కితే చీము వస్తుంటే, నొప్పి లేకపోయినా సరే, కంటి డాక్టరు దగ్గరికి పొండి. ముక్కు పక్కన ఎర్రగా వాచి జ్వరం వస్తే ఆ రోజే పొండి. కనుగుడ్డు ముందుకు వచ్చినా, కన్ను తిప్పితే నొప్పి పుట్టినా, ఒకటి రెండుగా కనిపించినా, చూపు మసకబారినా, ఎరుపు రంగు వెలిసినట్టు కనిపించినా ఆ గంటలోనే బయలుదేరండి. దానికి తోడు విపరీతమైన తలనొప్పి, వాంతులు, మగత ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. సున్నం పెట్టొద్దు, పసరు పిండొద్దు, గడ్డను పిండొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త.

పసిపిల్లల తల్లులకు ఒక మాట. పుట్టిన కొన్ని వారాలకు బిడ్డ కన్ను కారుతూ పుసులు కడుతుంటే భయపడకండి. నాళం చివర ఉండే సన్నటి పొర ఇంకా తెరుచుకోకపోవడం వల్ల చాలామంది బిడ్డలకు అలా ఉంటుంది. పదిమందిలో తొమ్మిది మందికి ఏడాది నిండేలోపే అదే తెరుచుకుంటుంది. కంటి మూల నుంచి ముక్కు వైపు కిందికి ఎలా మర్దన చేయాలో డాక్టరు దగ్గర నేర్చుకుని రోజూ చేయండి. కాటుక, చనుబాలు, ఆముదం కంట్లో వేయకండి. పుట్టిన కొద్ది రోజులకే కంటి మూలన నీలంగా ఉబ్బు కనిపించినా, అక్కడ ఎర్రబడి జ్వరం వచ్చినా మాత్రం ఆలస్యం చేయొద్దు. పసివాళ్ళలో ఇన్ఫెక్షన్ చాలా త్వరగా పాకుతుంది.

మంత్రిగారూ, ఈ లేఖకు జవాబు నాకు రాయనక్కర్లేదు. మడకశిరలో వచ్చే కంటి శిబిరానికి మీ కార్యాలయం నుంచి ఒక మనిషిని పంపండి. చీముందని వెనక్కి పంపినవాళ్ళ చీటీలు తీసి చూడమనండి. ప్రతి చీటీ మీద ఆసుపత్రి పేరు, తేదీ ఉంటే మా మనవి మీకు చేరినట్టు. లేకపోతే ఆ చీటీలు పంచినవాళ్ళ చేతనే ఆ రోజే తేదీలు రాయించండి.

ఇట్లు,
మడకశిర ప్రాంత కంటి శిబిరాల్లో కాగితాలు రాసే ఒక కార్యకర్త